టీబీ టెస్ట్, వీసా, గ్రీన్‌కార్డ్: మనవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

గ్రీన్‌కార్డ్ వంతు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే అమెరికా వీసా బులెటిన్‌లో డేట్లు కాస్త కదిలాయంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మెడికల్‌లో టీబీ పాజిటివ్ అన్నారు, గ్రీన్‌కార్డ్ పోయినట్టేనా" అని. జూలై ఆగస్టుల్లో యూకే వెళ్ళే పిల్లల తల్లిదండ్రులు, మధ్యమధ్యలో మా జగిత్యాల వైపు నుంచి గల్ఫ్ మెడికల్‌కి వెళ్ళొచ్చిన వాళ్ళు. అందరి డౌట్లూ అటుఇటుగా అవే, అందుకే ఒకచోట రాసిపెట్టేస్తున్నా. నేను డాక్టర్ని కాదు, నాకే పాజిటివ్ వచ్చి 4 నెలలు మాత్రలు మింగినవాణ్ణి, ఆ టైమ్‌లో దొరికిందల్లా చదివినవాణ్ణి. మందుల విషయంలో మీ డాక్టర్ మాటే ఫైనల్. రూల్స్ కూడా మారుతుంటాయి కాబట్టి అప్లై చేసే ముందు ఆ దేశం ప్రభుత్వ సైట్ ఒకసారి చూసుకోండి.

## బయల్దేరక ముందు

మనల్నే ఎందుకు ఇలా టెస్ట్ చేస్తారు, ఇది వివక్ష కాదా?

కోపం నాకూ వచ్చింది, కాదనను. కానీ లెక్కలు చూడండి. 2024లో ఇండియాలో లక్ష మందికి 187 మందికి కొత్తగా టీబీ వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, అదే అమెరికాలో లక్షకి 3. ప్రపంచం మొత్తం టీబీలో నాలుగో వంతు మన దగ్గరే ఉంది. అమెరికాలో బయటపడే టీబీ కేసుల్లో నాలుగింట మూడు వంతులు వేరే దేశాల్లో పుట్టిన వాళ్ళవి, ఇంగ్లాండ్‌లో అయితే ఐదుగురిలో నలుగురు. అంటే మనం మోసుకొచ్చి వాళ్ళకి అంటిస్తున్నామని కాదు. అక్కడ జబ్బు పడేది ఎక్కువగా మనమే, మన దగ్గర్నుంచి అంటుకునేది కూడా ముందు మన ఇంట్లో వాళ్ళకే. టెస్ట్ వాళ్ళ దేశం కోసం పెట్టి ఉండొచ్చు, పనికొచ్చేది మాత్రం మనకే.

హెచ్-1బీ (ఉద్యోగం), ఎఫ్-1 (చదువు) వీసా స్టాంపింగ్‌కి టీబీ టెస్ట్ ఉంటుందా?

మామూలుగా ఉండదు. విజిటర్ వీసాకీ ఉండదు. అమెరికా మెడికల్ అడిగేది ఇమ్మిగ్రెంట్ వీసాకి, గ్రీన్‌కార్డ్‌కి. స్టూడెంట్లకి మాత్రం చాలా యూనివర్సిటీలు సొంతంగా టీబీ టెస్ట్ అడుగుతాయి, అది వీసాకి సంబంధం లేని వ్యవహారం, రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ పెడతారు అంతే. దీనివల్ల ఒక తమాషా జరుగుతుంది. హెచ్-1 మీద వచ్చి పన్నెండు పదమూడేళ్ళు ఎవరూ ఏ టెస్టూ అడగక, గ్రీన్‌కార్డ్ టైమ్‌లో మొదటిసారి పాజిటివ్ అని తెలిసి "ఇన్నేళ్ళు ఇక్కడే ఉన్నా కదా ఎక్కడ అంటుకుంది" అని తల పట్టుకుంటాం. చాలావరకు అది చిన్నప్పుడెప్పుడో మన ఊళ్ళో అంటుకున్నదే అయ్యుంటుంది.

యూకే వెళ్తున్నా, టీబీ సర్టిఫికెట్ ఎప్పుడు తీసుకోవాలి?

6 నెలలకి మించిన వీసా అయితే ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళకి తప్పనిసరి. వాళ్ళు ఒప్పుకున్న క్లినిక్‌లోనే చేయించాలి, హైదరాబాద్‌లో కూడా ఉన్నాయి. మీ ఫ్యామిలీ డాక్టర్ తీయించిన ఎక్స్‌రే చెల్లదు. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, క్లియర్‌గా ఉంటే సర్టిఫికెట్ చేతికిస్తారు, అది ఎక్స్‌రే తీసిన రోజు నుంచి 6 నెలలు చెల్లుతుంది. 11 ఏళ్ళలోపు పిల్లలకి సాధారణంగా ఎక్స్‌రే ఉండదు, డాక్టర్ ప్రశ్నలడిగి చూస్తారు. మరీ ముందు చేయిస్తే గడువైపోతుంది, చివర్లో చేయిస్తే ఎక్స్‌రేలో ఏదైనా నీడ కనపడి తెమడ పరీక్ష అన్నారంటే రెండు నెలలు గోవిందా. నా లెక్కలో ప్రయాణానికి నాలుగు నెలల ముందు సరైన టైమ్. ఇంకోటి, మీరు ఇప్పటికే అమెరికా లాంటి లిస్టులో లేని దేశంలో 6 నెలల పైన ఉండి అక్కణ్ణుంచి వెళ్తుంటే ఈ టెస్ట్ అక్కర్లేదు.

గల్ఫ్ మెడికల్‌లో పాత మచ్చ ఉందని అన్‌ఫిట్ ఇచ్చారు, పదేళ్ళ కింద మందులు వాడి తగ్గిపోయింది, ఏం చెయ్యాలి?

ఇది నిజంగా బాధాకరమైన విషయం. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి ఎంతమంది ఇలా ఆగిపోయారో. టీబీ పూర్తిగా నయమైనా ఊపిరితిత్తి మీద మచ్చ జీవితాంతం ఉండొచ్చు. అమెరికా, యూకే లాంటివి మచ్చ కనిపిస్తే తెమడ పరీక్ష చేసి, బ్యాక్టీరియా లేకపోతే రానిస్తాయి, కానీ గల్ఫ్ మెడికల్‌లో మచ్చ చూసే అన్‌ఫిట్ కొట్టేస్తారు, ఆ రిజల్ట్ సిస్టమ్‌లోకి ఎక్కేస్తుంది కాబట్టి వేరే సెంటర్‌కి పోయినా లాభం ఉండదు. ఏజెంట్ "వేరేవాళ్ళ ఎక్స్‌రేతో మేనేజ్ చేస్తా" అంటే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, దిగాక అక్కడ రెసిడెన్స్ కోసం మళ్ళీ ఎక్స్‌రే తీస్తారు, వెనక్కి పంపిస్తే అప్పు మీ నెత్తిన, ఏజెంట్ ఫోన్ ఎత్తడు. నన్నడిగితే ఈ రూల్ టీబీని ఆపదు, దాచిపెట్టేలా చేస్తుంది. దగ్గొచ్చినా డాక్టర్ దగ్గరికి పోతే ఉద్యోగం ఊడుతుందని క్యాంప్‌లో ఒకే గదిలో పదిమంది మధ్య దగ్గుతూ కూర్చుంటారు మరి.

దగ్గుగా ఉంది, మెడికల్‌కి ముందు యాంటీబయాటిక్ కోర్సు వేసుకుంటే క్లియర్ అయిపోతుందా?

అస్సలు వద్దు. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టర్లు, మెడికల్ షాపులవాళ్ళు లీవోఫ్లాక్సాసిన్ లాంటివి ఈజీగా ఇచ్చేస్తారు. ఆ జాతి మందులు టీబీ బ్యాక్టీరియా మీద కూడా కొంచెం పనిచేస్తాయి, దాంతో దగ్గు తగ్గినట్టుంటుంది, టెస్ట్‌లో దొరకదు, లోపల మాత్రం జబ్బు అలాగే ఉంటుంది, పైగా ఆ మందుకి లొంగని టీబీ తయారయ్యే ప్రమాదం. రెండు వారాలు మించి దగ్గుంటే మన గవర్నమెంట్ ఆస్పత్రిలో తెమడ టెస్ట్ ఫ్రీ, ట్రూనాట్, సీబీనాట్ మెషీన్ల మీద అదే రోజు కూడా తెలుస్తుంది. ముందు అది చేయించుకోండి.

## టెస్ట్ దగ్గర

గ్రీన్‌కార్డ్ మెడికల్‌లో టీబీకి ఏం చేస్తారు?

అమెరికాలో ఉండి అప్లై చేస్తే ఐ-693 అనే మెడికల్ ఫారం నింపే సివిల్ సర్జన్, అంటే ఈ పనికి ఇమ్మిగ్రేషన్ వాళ్ళు ఒప్పుకున్న డాక్టర్, దగ్గరికి వెళ్తాం. 2018 అక్టోబర్ నుంచి 2 ఏళ్ళు నిండిన అందరికీ ఐజీఆర్ఏ అనే రక్తపరీక్ష తప్పనిసరి, క్వాంటిఫెరాన్ అని ఎక్కువగా వినపడేది అదే. నెగెటివ్ వచ్చి లక్షణాలేమీ లేకపోతే టీబీ సంగతి అక్కడితో అయిపోయినట్టే. పాజిటివ్ అయితే ఛాతీ ఎక్స్‌రే. ఎక్స్‌రే తేడాగా ఉంటే హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి పంపిస్తారు, అక్కడ తెమడ పరీక్షలు. ఇండియా నుంచి ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చేవాళ్ళకి ప్యానెల్ ఫిజీషియన్ (అక్కడ అమెరికా ఎంబసీ ఒప్పుకున్న డాక్టర్) చేస్తారు, అక్కడ 15 ఏళ్ళు దాటిన వాళ్ళకి ఎక్స్‌రే ఎప్పట్నుంచో ఉంది, 2024 అక్టోబర్ నుంచి వాళ్ళకి రక్తపరీక్ష కూడా కలిపారు.

చిన్నప్పుడు బీసీజీ (టీబీ టీకా) వేశారు, భుజం మీద మచ్చ కూడా ఉంది, దానివల్లే పాజిటివ్ వచ్చిందా?

ఇదే అందరికంటే ఎక్కువమంది అడిగేది, ఇందులోనే మనం ఎక్కువ మోసపోతాం. చేతి చర్మం కింద సూదితో వేసి 48 నుంచి 72 గంటల తర్వాత ఉబ్బు కొలిచే పాత టెస్ట్, అదే మాంటూ, దానికి బీసీజీ వల్ల తప్పు పాజిటివ్ రావొచ్చు. కానీ రక్తపరీక్షకి బీసీజీతో సంబంధం లేదు, అది వెతికే ప్రోటీన్లు బీసీజీలో ఉండవు. కాబట్టి క్వాంటిఫెరాన్ పాజిటివ్ వస్తే "మన ఇండియన్స్ అందరికీ అంతేలే, బీసీజీ ఎఫెక్ట్" అని కొట్టిపడెయ్యకండి. మా తరం వాళ్ళకి ఈ డైలాగ్ ఎవరు నేర్పారో గానీ డాక్టర్ చదివిన మనవాళ్ళు కూడా అనేస్తుంటారు.

ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకా, టీబీ బ్లడ్ టెస్ట్ రెండూ కావాలంటున్నారు, ఏది ముందు?

రక్తం ముందు ఇవ్వండి, లేదా రెండూ ఒకే రోజు. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాలు వేయించుకున్నాక కొన్ని వారాలు టీబీ టెస్ట్ రిజల్ట్ తేడాగా రావొచ్చు, అందుకని టీకా ముందు పడిపోతే కనీసం 4 వారాలు ఆగమంటారు. ఫైలింగ్ విండో తక్కువ ఉన్నప్పుడు ఈ ఒక్క పొరపాటుతో నెల పోతుంది.

తెమడ పరీక్ష అన్నారు, ఎన్ని రోజులు పడుతుంది?

ఉదయాన్నే పరగడుపున, మూడు వేర్వేరు రోజులు తెమడ ఇవ్వాలి. ఉమ్మి కాదండి, లోపల్నుంచి దగ్గి తీసిన కళ్ళె. రాకపోతే ఉప్పునీటి ఆవిరి పట్టించి తెప్పిస్తారు. మైక్రోస్కోప్ రిజల్ట్ రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది కానీ దాంతో వదలరు, కల్చర్ పెడతారు, అంటే బ్యాక్టీరియా పెరుగుతుందేమో అని 8 వారాల వరకు చూస్తారు. టీబీ క్రిమి చాలా నెమ్మదిగా పెరిగే రకం, దాన్ని తొందరపెట్టే మార్గం లేదు. ఈ రెండు నెలల్లో టికెట్ కొనకండి, ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి, ఇల్లు ఖాళీ చెయ్యకండి. యూనివర్సిటీకి మెయిల్ పెట్టి తర్వాత ఇన్‌టేక్‌కి మార్చమని అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

గర్భంతో ఉన్నాను, ఎక్స్‌రే తీయించుకోవచ్చా?

పొట్టకి సీసం కవచం కప్పి తీస్తారు, ఛాతీ ఎక్స్‌రేలో బిడ్డ దాకా వెళ్ళే రేడియేషన్ చాలా తక్కువ. అయినా మనసొప్పకపోతే బలవంతం లేదు, కాన్పయ్యే దాకా వాయిదా వేసుకోవచ్చు, అప్పటిదాకా ఫైల్ ఆగుతుంది. యూకే టెస్ట్‌లో అయితే ఎక్స్‌రే బదులు తెమడ పరీక్ష కూడా ఎంచుకోవచ్చు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం లాంటివి ఉంటే మాత్రం వాయిదా మాట ఎత్తకండి, తల్లికి టీబీ ఉండి తెలియకపోతే బిడ్డకి ఎక్స్‌రే కంటే వంద రెట్లు ప్రమాదం అని మాకు ఓ గైనకాలజిస్ట్ చెప్పారు. ఆ వంద అంకె ఆవిడ మాట, విషయం మాత్రం కరెక్టే.

## పాజిటివ్ వచ్చాక

క్వాంటిఫెరాన్ పాజిటివ్ అంటే నాకు టీబీ ఉన్నట్టా?

కాదు. నాకు క్లినిక్ ఫ్రంట్ డెస్క్ అమ్మాయి ఫోన్ చేసి "మీకు టీబీ ఉంది" అని పెట్టేసింది, ఆ రాత్రి నేను పిల్లల గదిలోకి కూడా వెళ్ళలేదు. తర్వాత తెలిసింది, పాజిటివ్ అంటే టీబీ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చింది, ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుంది అని మాత్రమే. ఎక్స్‌రే బాగుండి లక్షణాలు లేకపోతే దాన్ని లేటెంట్ టీబీ అంటారు, నిద్రపోతున్న టీబీ అనుకోండి. ప్రపంచ జనాభాలో నాలుగో వంతు మందికి ఇలా ఉంటుందని అంచనా. లేటెంట్ ఉన్నవాళ్ళు ఎవరికీ అంటించలేరు. పిల్లల్ని ఎత్తుకోవచ్చు, వంట చెయ్యొచ్చు, ఆఫీసుకి పోవచ్చు.

గ్రీన్‌కార్డ్ ఆగిపోతుందా?

లేటెంట్ అయితే ఆగదు. ఎక్స్‌రే నార్మల్ అయితే సివిల్ సర్జన్ ఫారంలో లేటెంట్ అని రాసి సంతకం పెట్టి కవర్ ఇస్తారు, లోకల్ హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి ఒక సమాచారం పంపుతారు. మందులు వాడితేనే ఫారం ఇస్తాం అనే రూల్ లేటెంట్‌కి లేదు. జబ్బు బయటపడిన టీబీ అయితేనే చికిత్స పూర్తయ్యే దాకా మెడికల్ క్లియర్ కాదు, అది కూడా ఆలస్యమే గానీ తిరస్కరణ కాదు.

హెల్త్ డిపార్ట్‌మెంట్ నుంచి ఫోన్ వచ్చింది, ఎత్తాలా వద్దా?

ఎత్తండి బాబూ. స్కామ్ కాల్ అనుకుని నేను రెండుసార్లు కట్ చేశా. వాళ్ళు ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్లు కాదు, నర్సులు. మందులు ఫ్రీగానో తక్కువ ఖర్చుతోనో ఇస్తామని చెప్పడానికి చేస్తారు. ఇండియా నుంచి ఇమ్మిగ్రెంట్ వీసా మీద దిగినవాళ్ళ మెడికల్‌లో బీ1 అనో బీ2 అనో రాసి ఉంటే ఆ సమాచారం మీరు దిగే కౌంటీకి వెళ్తుంది, 30 రోజుల్లోపు చూపించుకోమంటారు. బీ1 అంటే ఎక్స్‌రేలో ఏదో ఉంది కానీ తెమడలో క్రిములు లేవు అని, బీ2 అంటే లేటెంట్. కెనడాలో కూడా మెడికల్ సర్వైలెన్స్ అని పేపర్ ఇస్తే సాధారణంగా 30 రోజుల్లో అక్కడి పబ్లిక్ హెల్త్ వాళ్ళకి కనపడాలి, ఆస్ట్రేలియాలో, దిగాక చూపించుకుంటానని ఒప్పుకునే ఫారం 815 సంతకం పెట్టినవాళ్ళు దిగిన 28 రోజుల్లో ఫోన్ చెయ్యాలి.

మందులు తప్పనిసరి కాకపోతే ఎందుకు వాడాలి, ఇన్నేళ్ళు ఏమీ కాలేదుగా?

నేనూ ఇదే అన్నా. లేటెంట్ ఉన్నవాళ్ళలో 100 మందికి 5 నుంచి 10 మందికి జీవితంలో ఎప్పుడో అది నిద్రలేచి జబ్బవుతుంది, ఎవరికి ఎప్పుడు అనేది ఎవరూ చెప్పలేరు. అమెరికాలో ఇప్పుడు బయటపడే టీబీలో 80 శాతానికి పైగా ఇలా పాతది నిద్రలేచిందే, వచ్చి పదేళ్ళు దాటిన వాళ్ళలో కూడా. షుగర్ ఉంటే ఆ రిస్క్ రెండు మూడు రెట్లు, మన తెలుగిళ్ళలో షుగర్ లేని ఇల్లు చూపించండి చూద్దాం. రేపు కీళ్ళవాతానికో సోరియాసిస్‌కో ఇమ్యూనిటీ తగ్గించే ఇంజెక్షన్లు, స్టెరాయిడ్లు, కీమో మొదలుపెట్టాల్సి వస్తే అప్పుడు హడావిడి. ఇప్పుడు మూడు నాలుగు నెలల మందుతో ఆ రిస్క్ 90 శాతం వరకు తగ్గుతుంది. అరవై ఏళ్ళు దాటి లివర్ సమస్య ఉన్నవాళ్ళ లెక్క వేరు, అది డాక్టర్ తేల్చాలి. ముప్పై నలభైల్లో ఉండి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు గ్రీన్‌కార్డ్ కవర్ చేతికి రాగానే ఈ సంగతి మర్చిపోతుంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందా?

సివిల్ సర్జన్ ఫీజుకి చాలామంది ఇన్సూరెన్స్ తీసుకోరు, అది జేబులోంచే. కానీ మీ మామూలు డాక్టర్ దగ్గర టీబీ టెస్ట్ వేరే సంగతి. టీబీ ఎక్కువున్న దేశాల్లో పుట్టిన పెద్దవాళ్ళకి లేటెంట్ టీబీ టెస్ట్ చెయ్యాలని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2016లో చెప్పింది, 2023లో మళ్ళీ అదే అంది, దానికి బీ గ్రేడ్ ఉంది కాబట్టి చాలా ప్లాన్లలో కోపే (మన జేబు నుంచి కట్టే వాటా) లేకుండా అవుతుంది. గ్రీన్‌కార్డ్ వంతు రావడానికి ఇంకా ఇరవై ఏళ్ళుంటే దాని కోసం ఆగకుండా వార్షిక చెకప్‌లోనే అడిగి చేయించుకోండి. ఇంగ్లాండ్‌లో కూడా 2015 నుంచి ఇలాంటి ప్రోగ్రాం ఉంది, కొత్తగా వచ్చిన 16 నుంచి 35 ఏళ్ళ వాళ్ళకి జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టర్) నుంచి లెటర్ వస్తే వెళ్ళండి.

## మందులు వాడేటప్పుడు

ఏ మందులు, ఎన్నాళ్ళు?

లేటెంట్‌కి ఈ రోజుల్లో ఎక్కువగా ఇచ్చేవి రెండు. రిఫాంపిన్, అదే మన దగ్గర రిఫాంపిసిన్, రోజూ చొప్పున 4 నెలలు. లేదా ఐసోనయాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికి ఒక్కసారి, 12 వారాలు. పాత పద్ధతిలో ఐసోనయాజిడ్ ఒక్కటే 6 నుంచి 9 నెలలు ఇచ్చేవాళ్ళు, సగంమంది మధ్యలో మానేసేవాళ్ళు. జబ్బు బయటపడితే లెక్క వేరు: మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు తక్కువ మందులతో, మొత్తం 6 నెలలు.

మూత్రం ఎర్రగా వస్తోంది, ఆపెయ్యాలా?

రిఫాంపిన్ వేసుకుంటే మూత్రం, చెమట, కన్నీళ్ళు కూడా నారింజ రంగులోకి వస్తాయి, అది మామూలే, కాంటాక్ట్ లెన్సులు మాత్రం పాడవుతాయి, కళ్ళజోడు పెట్టుకోండి. భయపడాల్సింది వేరే వాటికి: కళ్ళు పచ్చబడటం, మూత్రం టీ డికాక్షన్ రంగులో నల్లగా రావడం, వాంతులు, ఆకలి చచ్చిపోవడం, ఒళ్ళంతా దురద. ఇవి లివర్ దెబ్బతింటోందనడానికి గుర్తులు, వెంటనే మందు ఆపి డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. మందున్నన్నాళ్ళు మందు ముట్టకూడదు, రెండో మందు ఏదో మీకు తెలుసు. గర్భనిరోధక మాత్రలు రిఫాంపిన్‌తో సరిగ్గా పనిచెయ్యవు, థైరాయిడ్, షుగర్, రక్తం పలచబడే మందుల డోసులు కూడా మారొచ్చు, వాడేవన్నీ లిస్ట్ రాసుకుని వెళ్ళండి. ఐసోనయాజిడ్ ఇస్తే తిమ్మిర్లు రాకుండా బీ6 విటమిన్ కలిపి ఇస్తారు.

కోర్సు అయిపోయింది, మళ్ళీ టెస్ట్ చేస్తే నెగెటివ్ వస్తుందా?

చాలామందికి రాదు, జీవితాంతం పాజిటివే ఉండొచ్చు. మందు పనిచెయ్యలేదని కాదు, ఒంటికి జ్ఞాపకం పోదు అంతే. అందుకని మళ్ళీ మళ్ళీ రక్తపరీక్ష చేయించకండి, చికిత్స పూర్తయినట్టు లెటర్, నార్మల్ ఎక్స్‌రే రిపోర్ట్ స్కాన్ చేసి పెట్టుకోండి. కొత్త ఉద్యోగం, స్కూల్ వాలంటీరింగ్, హాస్పిటల్ రొటేషన్, ఎక్కడ అడిగినా ఆ రెండూ చూపిస్తే చాలావరకు సరిపోతుంది.

## జబ్బే బయటపడితే

మెడ దగ్గర బిళ్ళలు కట్టాయి, దగ్గు లేదు, ఇది కూడా టీబీ అవుతుందా?

అవ్వొచ్చు. మన పెద్దవాళ్ళు గండమాల అనేవాళ్ళే, అది ఎక్కువగా ఇదే. మన దేశాల నుంచి వెళ్ళినవాళ్ళలో ఊపిరితిత్తులు కాకుండా బిళ్ళలకీ, వెన్నెముకకీ, కంటికీ వచ్చే టీబీ బాగా ఎక్కువ. అమెరికా డాక్టర్లు దీన్ని రోజూ చూడరు కాబట్టి ముందు లింఫోమా (బిళ్ళలకి వచ్చే క్యాన్సర్) వైపు ఆలోచిస్తారు, నెలలు గడుస్తాయి. "నేను ఇండియాలో పుట్టాను, టీబీ కూడా చూడండి" అని మీరే నోరు తెరిచి చెప్పండి, బయాప్సీ తీస్తే ముక్కని టీబీ కల్చర్‌కి కూడా పంపమనండి. ఊపిరితిత్తుల్లో లేకుండా బిళ్ళల్లో మాత్రమే ఉంటే ఇంట్లో వాళ్ళకి అంటదు.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు, కంచాలు గ్లాసులు వేరు చెయ్యాలా?

అక్కర్లేదు. టీబీ గాలి ద్వారానే అంటుతుంది, ఊపిరితిత్తుల టీబీ ఉన్న మనిషి దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు. కంచం, దుప్పటి, షేక్‌హ్యాండ్, ఎంగిలి వల్ల అంటదు. మందు మొదలయ్యాక అంటించే గుణం వేగంగా తగ్గుతుంది, సుమారు రెండు వారాలు అని పాత లెక్క, ఎప్పుడు బయటికి రావచ్చో హెల్త్ డిపార్ట్‌మెంట్ చెబుతుంది. ఆలోపు వేరే గది, కిటికీలు తెరవడం, మాస్క్. మన దగ్గర పూర్వం టీబీ అంటే మదనపల్లె ఆరోగ్యవరం శానిటోరియమే, 1915 నుంచి ఉంది అది, ఇల్లూ వాకిలీ వదిలి నెలలు నెలలు అక్కడుండేవాళ్ళు. 1956లో మొదలైన మద్రాస్ టీబీ కీమోథెరపీ సెంటర్ వాళ్ళు కొందరిని శానిటోరియంలో, కొందరిని ఇరుకిళ్ళల్లోనే ఉంచి మందులిచ్చి చూశారు, ఇంట్లో ఉన్నవాళ్ళ కుటుంబాలకి ఎక్కువగా ఏమీ అంటలేదు. ప్రపంచమంతా టీబీకి ఇంట్లోనే చికిత్స ఇవ్వడానికి ఆ మద్రాస్ లెక్కే ఆధారం. ఐదేళ్ళలోపు పిల్లల్ని మాత్రం ఆలస్యం చెయ్యకుండా చూపించండి, వాళ్ళకి త్వరగా ముదురుతుంది, ముందుజాగ్రత్త మందు ఇస్తారు.

రోజూ వీడియోలో మాత్ర మింగి చూపించమంటున్నారు, నమ్మకం లేదా?

నమ్మకం విషయం కాదు. ఆరు నెలల మందు రెండో నెలలోనే ఒళ్ళు తేలికపడగానే మానేసేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు, అలా మానేస్తే మందుకి లొంగని టీబీ తయారవుతుంది. ఎదురుగా ఉండి మింగించే పద్ధతి మన డాట్స్ సెంటర్లలో చూసిందే, అమెరికాలో ఇప్పుడు ఫోన్ వీడియోతో చేస్తున్నారు, అది కూడా ఎదురుగా ఉన్నంత పనికొస్తుందని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2023లో చెప్పింది. ఆఫీస్ పార్కింగ్‌లో కార్లో కూర్చుని ఒక నిమిషం పని.

ఆఫీసులో, గుళ్ళో అందరికీ తెలిసిపోతుందా? డిపోర్ట్ చేస్తారా?

హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు మీతో ఎక్కువసేపు ఒకే గదిలో ఉన్నవాళ్ళని టెస్ట్‌కి పిలుస్తారు, మీ పేరు చెప్పరు. ఎవరై ఉంటారా అని జనం ఊహించుకోవడం మాత్రం ఎవరూ ఆపలేరు, నిజం చెప్పాలిగా. టీబీ వచ్చిందన్న ఒక్క కారణంతో అమెరికా, యూకేల నుంచి ఎవర్నీ పంపించెయ్యరు, యూకేలో అయితే వీసా ఏదైనా, అసలు లేకపోయినా టీబీ చికిత్స ఫ్రీ. హెచ్-1 మీద ఉన్నవాళ్ళు సిక్ లీవ్ పెట్టుకుని ఇంట్లో ఉండి, డిపార్ట్‌మెంట్ ఓకే అన్నాక తిరిగి పనిలోకి వెళ్తారు.

ఇండియా వెళ్ళి అక్కడే వైద్యం చేయించుకుంటే పోలా?

అంటించే దశలో విమానం ఎక్కకూడదు. 2007 నుంచి అమెరికాలో డూ నాట్ బోర్డ్ అనే లిస్ట్ ఉంది, అందులో పేరుంటే బోర్డింగ్ పాస్ రాదు, అంటించే దశ దాటాక తీసేస్తారు. 2015 ఏప్రిల్‌లో చాలా మందులకి లొంగని టీబీ ఉన్న ఒకావిడ ఇండియా నుంచి షికాగో దిగి మిస్సోరి, టెనెస్సీ కూడా వెళ్ళొచ్చాక విషయం బయటపడింది, ఆవిణ్ణి మేరీల్యాండ్‌లో స్పెషల్ గదిలో ఉంచి, ఆవిడతో ప్రయాణించిన వాళ్ళ కోసం వెతుక్కున్నారు. 8 గంటలు దాటిన ఫ్లైట్ అయితే పేషెంట్ వరుస, ముందు రెండు, వెనక రెండు వరుసల వాళ్ళని వెతకాలని పద్ధతి. అంటించే దశ దాటాక వెళ్ళాలనుకుంటే మీ నర్స్‌తో చెప్పండి, మందులు చేతికిచ్చి, రికార్డులు రాసిస్తారు. అక్కడ గవర్నమెంట్‌లో మందులు ఫ్రీ, ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో నమోదైతే పోషణకి నెలకి ఇచ్చే 500 రూపాయల్ని 2024 నవంబర్ నుంచి 1,000 చేశారు.

## ఇంట్లోవాళ్ళ గురించి

అమెరికాలో పుట్టిన పాపకి బీసీజీ వేయించాలా?

అమెరికాలో అందరికీ వెయ్యరు, పెళ్ళి కోసం ఇండియాకి రెండు వారాల ప్రయాణం అయితే అవసరం ఉండదు. ఏడాది అమ్మమ్మ దగ్గర ఉంచే ప్లాన్ ఉంటే పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి. యూకేలో మాత్రం తల్లిదండ్రుల్లోగానీ తాత అమ్మమ్మల్లోగానీ ఒకరు ఇండియా లాంటి దేశంలో పుట్టి ఉంటే బిడ్డకి బీసీజీ వాళ్ళే ఇస్తారు.

అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చారు, నాన్నకి షుగర్, మూడు వారాలుగా దగ్గు, సాయంత్రం కాస్త జ్వరం. విజిటర్ ఇన్సూరెన్స్ పనికిరాదంటున్నారు, ఏం చెయ్యాలి?

డోలో వేసి రిటర్న్ టికెట్ దాకా నెట్టుకొద్దాం అనుకోకండి. మీ కౌంటీ పేరు, టీబీ క్లినిక్ అని వెతికి ఫోన్ చెయ్యండి, చాలా కౌంటీల్లో టీబీ అనుమానం ఉంటే ఇన్సూరెన్స్, వీసా స్టేటస్ లేకపోయినా చూస్తారు. వెళ్ళేటప్పుడు ఇండియాలో తీయించిన పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఫోటో అయినా తమ్ముడితో పంపించుకోండి, మచ్చ పాతదా కొత్తదా తేలడానికి అంతకంటే పనికొచ్చేది లేదు. గతంలో మందులు వాడి ఉంటే ఏ మందులు, ఎన్ని నెలలు అని నాన్నగారిని పక్కన కూర్చోబెట్టి అడగండి, మొదట "ఏం లేదురా" అంటారు, రెండోసారి అమ్మని అడగండి.